చిక్కింది, దొరికింది

మా కర్నూలు వైపు "బస్సు చిక్కలేదు" అంటే బస్సు దొరకలేదని. పని చిక్కుతుంది, అప్పు చిక్కుతుంది, ఇంట్లో ఉంటే మనిషీ చిక్కుతాడు. కోస్తా స్నేహితులకి ఇది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. వాళ్ల వాడుకలో, తీరికో అవకాశమో తప్ప, చిక్కేది వలలో చేప, పోలీసులకి దొంగ. పక్కనున్న కన్నడంలో 'సిక్కు' మాత్రం మా చిక్కులాగే రెండు పనులూ చేస్తుంది.

ఆ మాటకొస్తే 'దొరుకు' కూడా అంత అమాయకమైనదేం కాదు. పోయిన తాళంచెవి దొరుకుతుంది. కాపీ కొడుతూ కుర్రాడు దొరికిపోతాడు. 1967లో విఠలాచార్య తీసిన ఎన్టీఆర్ సినిమా 'చిక్కడు దొరకడు' పేరులో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. పనిముట్ల దగ్గర ఇంత గందరగోళం లేదు. ముడి బిగుసుకునేది ఉచ్చు, దారంతో అల్లింది వల, తలుపు పడేది బోను. క్రియ దగ్గరికి వచ్చేసరికి కనుక్కోవడమూ పట్టుకోవడమూ కలిసిపోతాయి.

ఈ కలయిక ఉత్త మాటల సంగతి కాదని చెప్పడానికి కడప జిల్లాలో ఒక పిట్ట ఉంది. పేరు కలివి కోడి. రాత్రిపూట తిరుగుతుంది, ఎగరడం కన్నా నేల మీద పరుగెత్తడమే ఎక్కువ. ముళ్లపొదలూ, వాటి మధ్య కాస్త ఖాళీ నేలా ఉన్న చిట్టడవి దానికి కావాలి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న థామస్ జెర్డన్ దీన్ని సేకరించాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ శాస్త్రీయ నామం పెట్టాడు. అవే రోజుల్లో, అంతకుముందు కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తెలుగు మాటలు పోగుచేస్తున్నాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఇద్దరూ చేసింది సేకరణే. కాకపోతే బ్రౌన్ రాసుకున్న మాట జనం నోట్లోనే ఉండిపోయింది. ఆ కాలంలో పిట్టని సేకరించడమంటే చంపి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి దాచడం.

1900 తర్వాత ఈ పిట్ట ఏ శాస్త్రవేత్తకీ కనబడలేదు. 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దీనికోసం గాలిస్తున్నప్పుడు, రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. కొద్దిరోజులకే అది బందీగా చచ్చిపోయింది. 86 ఏళ్లకి దొరికిన పిట్ట కథ ఇది. పుస్తకాలు దీన్ని 'పునరావిష్కరణ' అంటాయి. ఆ మాటలో వేటగాడి చెయ్యీ లేదు, పిట్ట చావూ లేదు. 'దొరికింది' అంటే కనీసం రెండు అర్థాలూ వినబడతాయి.

తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2000 తర్వాత పరిశోధకులు వెతికే పద్ధతి కూడా మారింది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక దానిమీద పడిన అడుగుల అచ్చులు చూసేవాళ్లు. పిట్ట వస్తే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. వీటికీ ఇంగ్లీషులో 'ట్రాప్' అనే పేరే ఉంది. మన పేపర్లు కూడా 'కెమెరాకు చిక్కిన చిరుత' అనే రాస్తాయి. నేల మీద జాడ పట్టడం వేటగాళ్ల విద్యే, మాటా వాళ్లదే. ఈసారి మాత్రం చిక్కిన పిట్ట తన దారిన తాను పోయింది.

ఇప్పుడు దానికి ఉచ్చుల కన్నా పెద్ద భయం పొదలు పోవడం. తెలుగుగంగ కాలువ పనులు దాని చోటు దాకా వచ్చి, గొడవయ్యాక దారి మార్చుకోవాల్సి వచ్చింది. వంటచెరుకు కోసం, సాగు కోసం పొదలు నరుకుతూ పోతే, ఎవరూ వల పన్నకపోయినా కలివి కోడి మనకి చిక్కదు. మా సీమ అర్థంలోనే అంటున్నా.