కనుబొమలతో మొదలైన చికిత్స: కేశ మార్పిడి చరిత్ర

1. పరిచయం

మంత్రాలయం వెళ్లిన యాత్రికులు తలనీలాలు సమర్పించి, తుంగభద్రలో స్నానం చేసి, రాఘవేంద్రస్వామి బృందావన దర్శనానికి వెళ్లడం మీలో చాలామంది చూసే ఉంటారు. గుండు చేయించుకున్నందుకు వారిలో ఎవరూ దిగులు పడరు. కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుందని వారికి తెలుసు. మంగలికత్తి చర్మం పైకి వచ్చిన వెంట్రుకనే తీసివేస్తుంది. చర్మం లోపల ఉన్న కుదురు అలాగే ఉంటుంది. కాలిన గాయం వల్లనో, జబ్బు వల్లనో ఆ కుదురే నశిస్తే జుట్టు తిరిగి రాదు. శరీరంలో మరోచోట బాగున్న కుదుళ్లను తెచ్చి అక్కడ నాటడమే కేశ మార్పిడి.

ఈ మాట వినగానే బట్టతల, నగరాల్లోని క్లినిక్కులు, వాటి ప్రకటనలు మనకు గుర్తుకు వస్తాయి. అయితే ఈ చికిత్స తొలి రోగుల్లో చాలామంది అందం కోసం వచ్చినవారు కారు. నలుగురిలోకి తిరిగి రావడానికి ముఖం అడ్డమైనవారు. ఈ పాఠంలో మీరు గమనించవలసిన ప్రధానాంశం ఇదే.

2. పూర్వరంగం: ఒక బండివాడి ముక్కు

శరీరంలో ఒకచోటి చర్మాన్ని మరొకచోట అతికించే విద్య మన దేశంలో పాతది. సుశ్రుత సంహిత తెగిన ముక్కును బాగుచేసే పద్ధతిని వివరించింది. మూడవ మైసూరు యుద్ధంలో ఆంగ్ల సైన్యం వెంట ఎద్దులబండి తోలిన కవాస్‌జీ అనే వ్యక్తి టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. ఆ యుద్ధం 1792లో ముగిసినప్పుడే కడప ప్రాంతం నిజాం చేతికి వచ్చింది. 1800లో నిజాం దానిని కంపెనీకి ఇవ్వగా దత్తమండలాలలో భాగమైంది. కాబట్టి ఇది మన ప్రాంత చరిత్రకు దూరమైన సంఘటన కాదు.

పుణే ప్రాంతపు సంప్రదాయ వైద్యుడు కవాస్‌జీ నుదుటి చర్మాన్ని ముక్కు ఆకారంలో కోసి, కిందికి తిప్పి అతికించాడు. చర్మాన్ని పూర్తిగా వేరు చేయకుండా ఒక కొస శరీరానికే అంటి ఉంచడం ఇందులోని కీలకం. రక్తం అందుతూ ఉండటం వల్ల ఆ చర్మం బతికింది. 1794లో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ ఈ వార్తను ప్రచురించింది. దాని ప్రేరణతో జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో ఇదే చికిత్స చేశాడు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. వెల్లూరు ప్రస్తావనలో మళ్లీ వస్తుంది.

3. జపాన్: చిన్న ముక్కల పద్ధతి

ఆధునిక కేశ మార్పిడికి పునాది 1939లో పడింది. జపాన్ చర్మవైద్యుడు ఒకుడా 2 నుంచి 4 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని లోహ పరికరంతో జుట్టున్న చర్మపు ముక్కలను తీసి, మచ్చలు పడిన తలమీద, కనుబొమల స్థానంలో, పైపెదవి మీద నాటాడు. 1943లో టమూరా ఇంకా చిన్న ముక్కలను వాడాడు. 1953లో ఫుజితా కుష్ఠురోగుల కనుబొమల పునర్నిర్మాణంపై వ్యాసం ప్రచురించాడు.

ఒకుడా, టమూరాల వ్యాసాలు జపాన్ భాషలో ఉన్నాయి. అప్పుడు యుద్ధం నడుస్తోంది. పాశ్చాత్య వైద్యలోకం చాలాకాలం వాటిని పట్టించుకోలేదు.

4. వెల్లూరు: కనుబొమ విలువ

కుష్ఠువ్యాధిని మన పల్లెల్లో ‘పెద్దరోగం’ అనేవారు. వ్యాధిగ్రస్తులను ఊరికి దూరం పెట్టేవారు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం ఆ వెలికి ప్రభుత్వ ముద్ర కూడా వేసింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన ఆస్పత్రి వంటి కొన్ని సంస్థలే వారికి ఆశ్రయమయ్యాయి.

ఈ వ్యాధి ముదిరినప్పుడు కనుబొమలు పలుచబడి రాలిపోవచ్చు. మందులతో క్రిములు చచ్చినా పోయిన కనుబొమలు చాలామందికి తిరిగి రావు. వ్యాధి నయమైన మనిషికి కూడా ముఖం మీద దాని గుర్తు మిగిలిపోతుంది. పని ఇచ్చేవారు ఆస్పత్రి కాగితం కంటే ముందు ముఖం చూస్తారు.

చిత్తూరు జిల్లాను ఆనుకొని ఉన్న వెల్లూరు మన రాయలసీమవాసులకు తెలిసిన వైద్యకేంద్రం. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ కుష్ఠువల్ల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స ప్రారంభించాడు. చేతులు బాగుపడినా ముఖం కారణంగా రోగులకు పని దొరకడం కష్టమని గ్రహించి, ముక్కులను, కనుబొమలను కూడా సరిచేయడానికి పూనుకున్నాడు. తలమీది చర్మం నుంచి కనుబొమ ఆకారంలో ముక్క కోసి, దాని రక్తనాళాన్ని తెంచకుండా, నుదుటి చర్మం కిందుగా తెచ్చి కనుబొమ స్థానంలో కుట్టేవారు. కవాస్‌జీ ముక్కును బతికించిన సూత్రమే ఇక్కడా పనిచేసింది.

ఇలా వచ్చిన కనుబొమ తలజుట్టులాగే పొడవు పెరుగుతుంది. అప్పుడప్పుడు కత్తిరించుకోవాలి. ఏళ్లతరబడి కనుబొమలు లేని వ్యక్తికి ఇది పెద్ద ఇబ్బంది కాదు.

5. న్యూయార్క్ నుంచి నేటి దాకా

1952లో న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ బట్టతలకు కేశ మార్పిడి చేసి, 1959లో ఫలితాలు ప్రచురించాడు. తల వెనుక భాగం నుంచి తెచ్చిన కుదురు ముందువైపు నాటినా వెనుకటి గుణాన్నే నిలుపుకుంటుందని ఆయన చూపాడు. కనుబొమ తలజుట్టులా పెరగడానికి కారణం కూడా ఇదే.

ఆనాటి ముక్కలు పెద్దవి కావడంతో జుట్టు బొమ్మ తలమీద కుచ్చులు గుచ్చినట్టు కనిపించేది. వెంట్రుకలు సాధారణంగా 1 నుంచి 4 వరకు గుత్తులుగా పుడతాయని 1984లో హెడింగ్టన్ వర్ణించాడు. తర్వాత అమెరికాలో లిమ్మర్ తల వెనుక నుంచి చర్మపు పట్టీ తీసి, సూక్ష్మదర్శిని కింద ఆ గుత్తులను విడదీసే పద్ధతిని 1994లో ప్రచురించాడు. దీనిని ఎఫ్‌యూటీ అంటారు. పట్టీ తీయకుండా ఒక్కొక్క గుత్తినే తీసే ఎఫ్‌యూఈ పద్ధతి 2002 తర్వాత విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. గడ్డం, మీసం, కనుబొమలకు కూడా నేడు ఇవే వాడుతున్నారు. ముఖం మీద ప్రతి వెంట్రుక వాలును కనిపెట్టి నాటాలి కాబట్టి ఆ పని మరింత నేర్పు కోరుతుంది.

ఏ పద్ధతిలోనైనా కొత్త కుదుళ్లు పుట్టవు, ఉన్నవే చోటు మారుతాయి. శిక్షణ లేనివారు ఈ చికిత్స చేయడం ప్రమాదకరం కనుక, కార్యశాలలకు హాజరవడమో వీడియోలు చూడడమో శిక్షణ కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది.

6. ముగింపు

ఈ చరిత్ర నుంచి మీరు రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, ‘ఆద్యుడు’ అనే బిరుదు తరచు పనిని బట్టి కాక, ఆ పని ఏ భాషలో నమోదైందో దాన్నిబట్టి దక్కుతుంది. తెలుగు మాధ్యమంలో చదివే మీకు ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. రెండవది, వైద్యం శరీరానికి ఇచ్చినదాన్ని సమాజం కూడా అంగీకరించాలి. 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో గాని తొలగించలేదు. కనుబొమ మొలవడానికి కొన్ని నెలలు చాలాయి. చట్టం మారడానికి నూరేళ్లు దాటింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గుండు తర్వాత జుట్టు మళ్లీ రావడానికి, కుష్ఠులో పోయిన కనుబొమ తిరిగి రాకపోవడానికి గల తేడా వివరించండి.
2. కవాస్‌జీ చికిత్సకు, వెల్లూరు కనుబొమ చికిత్సకు గల పోలిక ఏమిటి?
3. మీ ప్రాంతంలో కుష్ఠువ్యాధి నయమైనవారిని పూర్వం ఎలా చూసేవారో పెద్దలను అడిగి, వారి పేర్లు రాయకుండా ఒక పేజీ వ్యాసం రాయండి.