స్కైలాబ్ ఎవరి నెత్తిన పడుతుంది?

1979 జూలై పేరెత్తితే, తెలుగు పల్లెల్లో పెరిగి ఇక్కడికి వచ్చి స్థిరపడిన మన పెద్దవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తరువాత ఎవరి ఊరి కథ వారు మొదలుపెడతారు. స్కైలాబ్ పడుతోందని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారట, దాచుకున్నది కాస్తా ఖర్చు పెట్టేశారట. 2021లో దీని మీద తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది. నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ భయంలో లెక్క ఎక్కడ తప్పిందో విచారించినవారు తక్కువ.

స్కైలాబ్ అమెరికావారు 1973 మే 14న అంతరిక్షానికి పంపిన ప్రయోగశాల. బరువు సుమారు 77 టన్నులు. మూడు జట్ల వ్యోమగాములు అందులో ఉండి పనిచేశారు. 1974 ఫిబ్రవరిలో చివరి జట్టు దిగివచ్చాక అది ఖాళీ ఇల్లు. స్పేస్ షటిల్ సిద్ధం కాగానే దానిని ఇంకా పైకి నెట్టవచ్చునని నాసా అనుకుంది. కాని షటిల్ 1981 దాకా ఎగరనే లేదు. ఈలోగా సూర్యునిలో అలజడి అంచనాలను మించింది. పై వాతావరణం వేడెక్కి వ్యాకోచించింది. ఆ పలుచని గాలి రాపిడికే స్కైలాబ్ కక్ష్య కుంగిపోసాగింది.

కనుక భయానికి ఆధారమే లేదనడం అన్యాయం. అంతకు ఏడాదిన్నర ముందే, 1978 జనవరిలో, అణు రియాక్టరు ఉన్న సోవియట్ ఉపగ్రహం ఒకటి కెనడాలో కూలింది. స్కైలాబ్ తిరిగే దారి భూమధ్యరేఖకు ఇటు 50, అటు 50 డిగ్రీల మధ్య. మన దేశమంతా ఆ పట్టీలోనే ఉంది.

ఇక లెక్క. సుమారు 500 ముక్కలు నేలకు చేరవచ్చుననీ, వాటివల్ల ప్రపంచంలో ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటనీ నాసా చెప్పింది. ఈ 152 విన్నవాడి గుండె జారిపోదా మరి? కాని అందులో ‘ఎవరో ఒకరు’ అన్న మాట ఉంది, చూడండి. ఆనాటి ప్రపంచ జనాభా 400 కోట్ల పైమాటే. ఆ 400 కోట్లలో నాకే, ప్రత్యేకించి నాకే, తగలాలంటే? 152ను 400 కోట్లతో హెచ్చవేయండి: 60,800 కోట్లు. నాసావారు కూడా ఒక్కొక్క వ్యక్తికి ఉన్న ప్రమాదం 60,000 కోట్లలో ఒకటనే అన్నారు. మొదటిది నాసా అధికారి వేసుకోవలసిన ప్రశ్న, రెండవది మా ఊరి రైతు వేసుకోవలసినది. మా ఊరికి వచ్చేసరికి రెండవది దారిలో జారిపోయింది. ఆ మాటకొస్తే మొదటిదీ సరిగా చేరలేదు; చేరింది ‘లోకం అంతమైపోతోంది’ అన్న కబురు.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాశాడు. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని తేల్చే ఉదాహరణ అందులోనిదే. మంచును చూసి పొగ అనుకుంటే ఆ తర్కం ఎంత చక్కగా సాగినా నిప్పు దొరకదు. ఆప్తుని మాట ప్రమాణమని కూడా ఆయన ఒప్పుకున్నాడు, అయితే ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడన్నాడు. మరి మా ఊళ్ళో ఆప్తులెవరు? వరంగల్ నుంచి వచ్చే బస్సు కండక్టరు, సగం విని లేచిపోయిన రేడియో శ్రోతలు, ఎడ్ల బేరానికి వచ్చిన పక్క ఊరి ఆసామి ఒకడు.

అవి తొలకరి పడి దుక్కులు సాగే రోజులు. మేము కాక అని పిలిచే పక్కింటి రైతు తన జత ఎడ్లను ఆ ఆసామికి సగం ధరకు అమ్మేశాడు. మా నాయనమ్మ చదువుకున్నది కాదు. అరుగు మీద కూచుని ఒకటే అడిగింది: “అందరం పోయేటప్పుడు వానికి ఎడ్లెందుకురా?” కాక ఒక్క క్షణం నిలబడ్డాడు. అప్పటికే పలుపు చేతులు మారింది.

జూలై 11న స్కైలాబ్ అనుకున్నదానికంటే కాస్త ఆలస్యంగా ముక్కలై, కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ ప్రాంతంలో పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అక్కడి స్థానిక పాలకులు చెత్త పారబోసినందుకు నాసాకు సరదాగా 400 డాలర్ల జరిమానా వేశారు. 2009లో కాలిఫోర్నియా రేడియో వ్యాఖ్యాత ఒకాయన శ్రోతల దగ్గర పోగుచేసి అది తీర్చాడు.

పడలేదు కనుక ఇలాంటివన్నీ బూటకమని తేల్చినా పొరపాటే. 2022 ఏప్రిల్ 2, ఉగాది నాటి రాత్రి, తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో రాకెట్ తాలూకు పెద్ద లోహపు వలయం నిజంగానే పడింది. ఆ రాత్రి యుద్ధం మొదలైందన్న సందేశం మా బంధువుల వాట్సాప్‌లో ఆరుగురి నుంచి వచ్చింది. ఆరుగురు చెప్పారు కదా అని నేనూ కంగారుపడ్డాను. తీరా చూస్తే ఆరింటిలోనూ ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం. సాక్షి ఒక్కడే, మిగిలినవారు అందించినవారు.

కాక ఆ ఏడు అవే ఎడ్లను ఆ ఆసామి దగ్గర కిరాయికి తెచ్చుకుని దున్నాడు. పేరు పెట్టి పిలిస్తే అవి ఇంకా తల తిప్పి చూసేవి.