విండోస్ 10 కంప్యూటర్ పక్కన పడేయాలా? అబిడ్స్‌కు బయల్దేరే ముందు ఇంట్లోనే ఇవి చూసుకోండి..

పాత ల్యాప్‌టాప్ బాగా స్లో అయిందా? విండోస్‌కు సపోర్ట్ అయిపోయిందంటూ స్క్రీన్ మీద మెసేజ్ వస్తోందా? అయితే వెంటనే కొత్తది కొనాలని ఫిక్స్ అయిపోకండి. ఇప్పుడున్న ధరల్లో కొత్త సిస్టమ్ కొనడం కంటే ఉన్నదాన్ని సరిచేసుకుని ఇంకొన్నాళ్లు లాగించడమే చాలామందికి లాభం. రిపేర్ షాప్ మెట్లెక్కే ముందు పది నిమిషాలు కేటాయిస్తే అసలు సమస్య ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఒకే రోజు రెండు వార్తలు

2025 అక్టోబర్ 14. ఆ రోజు తెలుగు రాష్ట్రాల్లో అందరూ మాట్లాడుకున్నది విశాఖపట్నం గురించే. అక్కడ ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. సరిగ్గా అదే రోజు ఇంకొకటి పెద్దగా చప్పుడు లేకుండా జరిగిపోయింది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల మన హైదరాబాదీనే. కానీ ఆయన కంపెనీ నిర్ణయంతో ఇరుకున పడ్డవాళ్లు కూడా ఇదే హైదరాబాద్‌లో బోలెడుమంది.

ఈ రెండు వార్తలకూ సంబంధం ఏంటంటారా? ఉంది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్స్ భారీగా కావాలి. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్.. ప్రపంచంలో ఈ చిప్స్ తయారుచేసే పెద్ద కంపెనీలు ఈ మూడే. డేటా సెంటర్లకు అమ్మితే లాభం ఎక్కువ కాబట్టి మామూలు కంప్యూటర్లకు వెళ్లే సరుకు తగ్గింది. దాంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పైకి లేచాయి. 'క్రూషియల్' పేరుతో మామూలు కస్టమర్లకు ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో చెప్పేసింది. అంటే ఒకపక్క పాత విండోస్ గడువు ముగిసింది, మరోపక్క కొత్త కంప్యూటర్ ఖరీదైంది. మధ్యలో నలిగేది పాత సిస్టమ్ చేతిలో ఉన్న మనిషి.

అఫ్జల్‌గంజ్ చుట్టూ ఎవరికి ఇబ్బంది?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఇప్పుడున్న బిల్డింగ్‌లోకి 1936లో మారింది. గ్రూప్స్, కానిస్టేబుల్, టీచర్ పోస్టులు.. ఇలా ఏదో ఒక పరీక్షకు ప్రిపేర్ అయ్యే అభ్యర్థులకు ఇది పెద్ద అడ్డా. అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్టమ్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లకు కొత్తదానికి నలభై, యాభై వేలు పెట్టమనడం తేలికైన మాట కాదు.

నయాపూల్ దాటి అవతలికి వెళ్తే ఛత్తా బజార్. పెళ్లి కార్డులు, ప్రింటింగ్‌కు పేరున్న వీధి. ఒకప్పుడు ఉర్దూ ఖుష్‌నవీసులు కలంతో రాసేవారు, తర్వాత ఆ పనిలోకి ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెలుగు డీటీపీ వాళ్లకైతే అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ జోడీ. ఇలాంటి షాపులు నగరంలో ఇంకా చాలా ఉన్నాయి. వీళ్ల బాధ వేరు. సిస్టమ్ బాగానే నడుస్తుంది, కానీ ఏళ్లనాటి సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో సరిగ్గా పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఇలాంటివాళ్లు పాత సిస్టమ్‌ను మార్చాల్సిన పనే లేదు. కాకపోతే దానికి ఇంటర్నెట్ తీసేయాలి. వాట్సాప్‌లో వచ్చే కస్టమర్ల ఫైళ్లు, మెయిల్స్ వేరే సిస్టమ్‌లో తెరిచి, స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో డిజైన్ సిస్టమ్‌లోకి తెచ్చుకోవాలి. కొంచెం విసుగు పనే, కానీ పదేళ్ల డిజైన్లు రాన్సమ్‌వేర్ పాలైతే వచ్చే నష్టం ముందు ఇది ఎంత!

స్లో అయిందా? ముందు చూడాల్సింది డిస్క్

'ర్యామ్ పెంచండి సార్, స్పీడ్ అవుతుంది'.. రిపేర్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది ముందుగా వినే మాట ఇదే. నిజానికి ఏడెనిమిదేళ్ల నాటి సిస్టమ్‌లలో ఎక్కువసార్లు అసలు అడ్డంకి హార్డ్ డిస్క్. తెలుసుకోవడం చాలా ఈజీ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ ఓపెన్ అవుతుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని ఉండి, మీరు ఏమీ చేయకపోయినా 100 శాతం చూపిస్తూ అక్కడే నిలబడిపోతే రోగం దొరికినట్టే. దాన్ని తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే విండోస్ ఓపెన్ అవ్వడానికి పట్టే నిమిషాలు సెకన్లలోకి వచ్చేస్తాయి. ఎస్ఎస్‌డీ రేట్లు కూడా పెరిగాయి, నిజమే. కానీ మామూలు వాడకానికి 256 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకుండా ఒక కేసులో పెట్టించుకుంటే ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి పనికొస్తుంది.

అదే స్క్రీన్‌లో మెమరీ 90 శాతం దాటి ఉంటే మాత్రం ర్యామ్ సమస్యే. కొనే ముందు మీది డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోండి. ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. 4 జీబీ ఉన్నవాళ్లు 8కి పెంచుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. 8 నుంచి 16కి వెళ్లడం బ్రౌజింగ్, వర్డ్, వీడియో క్లాసులకు అంత అవసరం కాదు, ఇప్పటి రేట్లలో అయితే అసలే కాదు.

ఇక స్టార్టప్ ట్యాబ్. సిస్టమ్ ఆన్ చేయగానే వాటంతట అవే ఓపెన్ అయ్యే యాప్స్ లిస్ట్ ఇక్కడ ఉంటుంది. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్ లాంటివి వదిలేసి మిగతావి డిజేబుల్ చేసేయొచ్చు. రూపాయి ఖర్చు లేదు.

హార్డ్ డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తోందంటే మాత్రం ఈ టిప్స్ అన్నీ పక్కన పెట్టండి. రీస్టార్ట్‌లు, స్కాన్‌లు చేయొద్దు. ముఖ్యమైన ఫైళ్లు కాపీ అవుతుంటే ముందు అవి తీసుకోండి, కాకపోతే సిస్టమ్ ఆఫ్ చేసేయండి. నడిపినకొద్దీ డేటా తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.

డేట్ తప్పైతే హాల్ టికెట్ కూడా రాదు

ఇది చాలామందికి తెలియని చిక్కు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేద్దామని సైట్ ఓపెన్ చేస్తే 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్రర్ వస్తుంది. వేరే సైట్లు కూడా అంతే. నెట్ బాగోలేదేమోనని రూటర్ ఆపి ఆన్ చేస్తారు, బ్రౌజర్ మారుస్తారు, చివరికి వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించేస్తారు. అసలు కారణం స్క్రీన్ కింద మూలన ఉంటుంది. అక్కడ తేదీ ఏ 2015 అనో, 2018 అనో చూపిస్తుంది. ప్రతి సెక్యూర్ సైట్‌కీ ఒక సర్టిఫికెట్, దానికో గడువు ఉంటాయి. మీ కంప్యూటర్ గతంలో బతుకుతుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదనుకుంటుంది, అందుకే సైట్‌ను ఆపేస్తుంది. తేదీ, టైమ్ సరిచేస్తే సైట్ తెరుచుకుంటుంది.

ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోతోందంటే మదర్‌బోర్డు మీద ఉండే సెల్ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లలో అయితే అది సీఆర్2032 అనే బిళ్ల సెల్. వాచీ సెల్స్ అమ్మే ఏ షాపులోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది. దీనికోసం సిస్టమ్ ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు ఆన్ కావడం లేదా?

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడేది అయితే అదీ తీసేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. చాలా కేసుల్లో దీనితోనే ప్రాణం లేచొస్తుంది. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉందా? హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మదర్‌బోర్డు బాగానే ఉంది, పోయింది డిస్‌ప్లే లేదా దాని కేబుల్. ఈ ఒక్క ముక్క తెలిసి షాప్‌కి వెళ్తే 'బోర్డు పోయింది' అన్న మాటకు భయపడక్కర్లేదు.

డెస్క్‌టాప్ ఆన్ చేయగానే బీప్ బీప్ అంటుంటే ర్యామ్ స్లాట్‌లో సరిగ్గా కూర్చోలేదని అనుమానించాలి. ప్లగ్ పూర్తిగా తీసేసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ క్లిక్‌మనేలా పెట్టాలి. మెకానిక్‌లు చేసేదీ ఇదే.

టచ్‌ప్యాడ్ పైకి లేస్తోందా, ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బిందా? అది బ్యాటరీ ఉబ్బడం. ఇక్కడ ఇంటి వైద్యం వద్దు. చార్జింగ్ ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా నేరుగా షాప్‌కి తీసుకెళ్లండి. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

విండోస్ 10 వాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు

సపోర్ట్ ముగిసినా కంప్యూటర్ ఆగిపోదు. క్రోమ్ ఓపెన్ అవుతుంది, యూట్యూబ్ నడుస్తుంది. ఆగేది సెక్యూరిటీ అప్‌డేట్స్. విండోస్‌లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌కు 2028 అక్టోబర్ వరకు అప్‌డేట్స్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కదా అంటారా? వాచ్‌మన్ ఉన్నాడు సరే, గోడకు పడ్డ కన్నం పూడ్చేవాడు లేడు.. తేడా అదీ.

ఆ కన్నాలు పూడ్చడానికే ఈఎస్‌యూ అనే ప్రోగ్రామ్ ఉంది. ఇందులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడొచ్చు. ఇవేవీ లేకుండా సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సింక్ చేస్తే ఫ్రీగానే వస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోకి వెళ్తే 'ఎన్‌రోల్ నౌ' లింక్ కనిపిస్తుంది. అది కనిపించాలంటే మీ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. సిస్టమ్‌లో అబౌట్ పేజీలో అది తెలుస్తుంది.

విండోస్ 11కి మారొచ్చా అంటే.. ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్ ఐ5-7200 అని ఉంటే ఏడో జనరేషన్, ఐ5-8250 అని ఉంటే ఎనిమిదోది. ఎనిమిది, ఆ పైన అయితే మామూలుగా అర్హత ఉన్నట్టే, టీపీఎం 2.0 కూడా ఆన్‌లో ఉండాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల 'పీసీ హెల్త్ చెక్' యాప్ ఇదంతా చూసి చెప్పేస్తుంది. అర్హత లేని సిస్టమ్‌లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించే వీడియోలు చాలానే ఉన్నాయి. పనిచేస్తుంది, కానీ అప్‌డేట్స్ వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. అంత కష్టపడేవాళ్లు లినక్స్ మింట్ వేసుకోవడం మేలు. ఫ్రీ, పాత సిస్టమ్ మీద తేలిగ్గా నడుస్తుంది, తెలుగు టైపింగ్ కూడా ఉంది.

షాప్‌లో ఊదరగొట్టే 'ఏఐ పీసీ' సంగతేంటి? మైక్రోసాఫ్ట్ చెప్పే కోపైలట్ ప్లస్ పీసీ అంటే కనీసం 16 జీబీ ర్యామ్, 40 టాప్స్ సామర్థ్యం ఉన్న ప్రత్యేక ఎన్‌పీయూ చిప్ ఉండాలి. చాట్‌జీపీటీ, జెమినై లాంటివి మాత్రం కంపెనీ సర్వర్లలో నడుస్తాయి, వాటికి మీ పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ చాలు. పరీక్షల ప్రిపరేషన్ కోసం ఏఐ పీసీ అని ఎక్కువ డబ్బులు పెట్టడం ప్రస్తుతానికి దండగ ఖర్చే.

షాప్‌కి వెళ్లాల్సి వస్తే..

ఫోన్లకైతే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్, ఎలక్ట్రానిక్ సామాన్లకు కోఠి గుజరాతీ గల్లీ. అఫ్జల్‌గంజ్ నుంచి రెండూ దగ్గరే. కంప్యూటర్ పార్టుల్లో నాలుగు షాపులు తిరిగి రేటు కనుక్కోవాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాల్సిందే.

ఎక్కడికి వెళ్లినా ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. మెయిల్, బ్యాంక్ అకౌంట్ల నుంచి లాగౌట్ అవ్వండి. ర్యామ్, డిస్క్ మీద ఉండే స్టిక్కర్ల ఫొటో మీ ఫోన్‌లో తీసిపెట్టుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు అవే ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. డ్రైవ్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉందేమో కూడా చూడండి. బోర్డు మార్చినా, బయోస్‌లో మార్పులు చేసినా అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ చాలాసార్లు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ముందే రాసిపెట్టుకోకపోతే డిస్క్ బాగున్నా లోపలి ఫైళ్లు రావు.

ఇంకొకటి. 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబర్‌కు కాల్ చేయండి' అంటూ స్క్రీన్ నిండా మెసేజ్, పైగా సైరన్ మోత వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను క్లోజ్ చేయండి. అప్పటికే కాల్ చేసి ఎనీడెస్క్ లాంటి యాప్ ఇన్‌స్టాల్ చేశారా? వెంటనే నెట్ కట్ చేయండి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.