ఆరవ మూలజాతి కోసం నిరీక్షణ: మదనపల్లె సీమలో భావి మానవుడి ఊహ

మనిషి ఇప్పటి రూపంతోనే నిలిచిపోడనీ, యుగాలు గడిచాక వేరొక దేహంతో, మరింత విశాలమైన చైతన్యంతో కొత్త మానవుడు వస్తాడనీ నమ్మి, ఆ నమ్మకాన్ని ఉద్యమంగా మలచిన సంస్థల్లో 1875లో న్యూయార్కులో పుట్టి, 1882లో మద్రాసు శివారు అడయారుకు చేరిన దివ్యజ్ఞాన సమాజం ముఖ్యమైనది. దాని స్థాపకుల్లో ఒకరైన హెలెనా బ్లావట్‌స్కీ 1888లో వెలువరించిన ‘ది సీక్రెట్ డాక్ట్రిన్’ ప్రకారం మానవ పరిణామం ఏడు మూలజాతుల మీదుగా సాగుతుంది; మూలజాతి అంటే ఒక సుదీర్ఘ యుగంలో ప్రధానంగా నిలిచే మానవ రూపం, అందులో మళ్లీ ఏడు ఉపజాతులు ఉంటాయి. ఇప్పుడు నడుస్తున్నది అయిదవ మూలజాతి యుగమని ఆ లెక్క. 1913లో సమాజ నాయకులు అనీ బెసెంట్, సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ కలిసి రాసిన గ్రంథం ఇంకా ముందుకు వెళ్లి, కాలిఫోర్నియా ప్రాంతంలో ఆరవ మూలజాతికి బీజం పడే నివాసంలో ఆలయాలు, చదువులు, ఇళ్లు, ఆచారాలు ఎలా ఉంటాయో కళ్లారా చూసినట్టు వర్ణించింది. అదంతా దివ్యదృష్టికి కనబడిందని రచయితలు చెప్పుకున్నారు.

కొత్త ఉపజాతి తలెత్తే ప్రతిసారీ ఒక జగద్గురువు మానవదేహంలో ప్రవేశించి బోధిస్తాడన్న విశ్వాసమే మదనపల్లెను ఈ చరిత్రలోకి తెచ్చింది. అమెరికాలో అటువంటి ఉపజాతి మొదలవుతోందని భావించిన సమాజ నాయకులు ఆ గురువుకు తగిన దేహం కోసం చూస్తున్న కాలంలో, అప్పటి కడప జిల్లాలోని మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1909లో అడయారు సముద్రతీరాన లెడ్‌బీటర్ కంటపడ్డారు. రెవెన్యూ ఉద్యోగం నుంచి విరమించిన ఆయన తండ్రి నారాయణయ్య సమాజ సభ్యుడు కావడం వల్లనే ఆ కుటుంబం అక్కడికి చేరింది. 1911లో ఆ బాలుడు అధిపతిగా ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అనే సంఘం ఏర్పడింది. 1915లో బెసెంట్ మదనపల్లెలో కళాశాల నెలకొల్పారు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, వేలమంది అనుయాయుల ఎదుట, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని స్వయంగా రద్దు చేశారు.

మూలజాతుల సిద్ధాంతంలోని అసలు దోషం దాని దివ్యదృష్టి కాదు. బతికి ఉన్న మనుషులనే మెట్లు మెట్లుగా నిలబెట్టి, కొందరిని గతించిన జాతుల అవశేషాలుగా లెక్కగట్టడం. ఇందుకు భిన్నంగా, 1859లో డార్విన్ వివరించిన ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు తగిన లక్షణాలు గల ప్రాణులు ఎక్కువ సంతానాన్ని మిగల్చడం, ఏ గమ్యాన్నీ ఎరగదు. మదనపల్లెకు పొరుగునే ఉన్న పుంగనూరు ఆవును చూస్తే ఇది తేటపడుతుంది. మీటరు ఎత్తుకు లోపే ఆగిపోయే ఆ పొట్టి ఆవు, విశాలమైన నుదురు, చిన్న కొమ్ములు, నేలను తాకే తోకకుచ్చుతో, మెట్టసీమలో కొద్దిపాటి మేతతోనే బతుకుతూ వెన్న దండిగా ఉన్న పాలు ఇస్తుంది. ఆ రూపానికి కారణం ఆ నేల, తరతరాల పశుపోషకుల ఎంపిక. సంకర జాతుల మోజు పెరగగానే అదే ఆవు అరుదైపోయి, పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుకోవలసిన స్థితి వచ్చింది. ఒక కాలానికి మేలైనది మరో కాలానికి అక్కరలేనిదైతే, ‘ఉన్నత రూపం’ అన్న మాటకు జీవశాస్త్రంలో చోటెక్కడ?

మనుషుల విషయంలోనూ పెళ్లి ఆచారాలు వంశలక్షణాలను కొంత మలుస్తాయి. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే కుప్పం చుట్టుపక్కల మేనరికం, మేనమామతో పెళ్లి పాత ఆచారాలు. భార్యాభర్తలకు పూర్వీకులు ఒకరే అయినప్పుడు ఒకే జన్యువు రెండువైపుల నుంచీ బిడ్డకు చేరి, మరుగున ఉన్న లోపం బయటపడే అవకాశం పెరుగుతుంది. 1927లోనే, కోట్ల ఏళ్ల తర్వాత శుక్రగ్రహంపై బతకగల సంతతిని మనుషులు సృష్టించుకోవడాన్ని ఊహించిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడగా, పిఠాపురంలో పుట్టిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలోని ఇటువంటి బంధువివాహాలను అధ్యయనం చేశారు. రాబోయే తరాల దేహం గురించి ఊహకంటె ఇటువంటి పరిశీలనే ఎక్కువ చెబుతుంది.

కాలం గడిచేకొద్దీ మనిషి లోపల మెరుగవుతాడన్న భావననే కృష్ణమూర్తి తోసిపుచ్చారు. 1980లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో జరిపిన సంభాషణల్లో మానవజాతి ఎక్కడో దారి తప్పిందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, దాన్ని సరిదిద్దే మార్పు మెదడు కణాల్లోనే జరగవచ్చునని వాదించారు. అటువంటి మార్పు సంతానానికి సంక్రమిస్తుందని జీవశాస్త్రం ఒప్పుకోదు. ఆయన వాదానికి ఆ సంక్రమణ అవసరమూ లేదు, ఎందుకంటే ఆయన కోరిన కొత్త మనిషి ఏ ఆరవ మూలజాతికో చెందినవాడు కాక, ఇప్పుడు బతికి ఉన్నవాడే.