కాయిల్ అడిగేది వక్త్

అబ్బాజాన్ వదిలివెళ్లిన ప్రీమియర్ పద్మినీకో అంబాసిడర్‌కో ఇంజిన్ కంప్యూటర్ పెట్టించాలని మన కుర్రాళ్లలో కొందరికి షౌఖ్. మంచిదే. అమానత్ షెడ్డులో తుప్పు పట్టడం కన్నా రోడ్డు మీద తిరగడం నయం. కానీ ఇగ్నిషన్ కాయిల్ కొనేటప్పుడు అందరిదీ ఒకటే సవాల్: “స్పార్క్ ఎంత జబర్దస్త్‌గా వస్తుంది?” తవారీఖ్ చూస్తే అసలు సవాల్ వేరు. కాయిల్ నిండటానికి వక్త్ ఎంత కావాలి? ఆ వక్త్ ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 కాడిలాక్‌లోకి వచ్చింది. పాయింట్లు మూసుకున్నంతసేపు కాయిల్‌లో శక్తి జమవుతుంది, తెరుచుకోగానే వేల వోల్టులై ప్లగ్ దగ్గర నిప్పురవ్వ రాలుతుంది. ఆయన కంపెనీ డెల్కో. సరిహద్దు అవతలి ఉర్దూ మిస్త్రీలు డిస్ట్రిబ్యూటర్‌ని నేటికీ ‘డెల్కో’ అనే అంటారు.

ఇప్పుడు హిసాబ్ చూడండి. నాలుగు సిలిండర్ల బండిలో పాయింట్లు సుమారు 60 డిగ్రీలు మూసుకుని ఉంటాయనుకుందాం. ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో ఉంటే కాయిల్‌కి 25 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 6000కి వెళితే మూడు పైచిలుకే. అంటే ఒకచోట అక్కర్లేనంత ఫుర్సత్, ఇంకోచోట తంగీ. అందుకే పాత కాయిల్‌కి దాదాపు 3 ఓమ్‌ల రెసిస్టెన్స్ పెట్టారు. 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు దాటదు, కాలిపోదు. కొత్త కాయిల్స్‌లో చాలావాటికి అర ఓమ్ చుట్టుపక్కలే. మూడు మిల్లీసెకన్లలో నిండుతాయి గానీ, 25 ఇస్తే మాడిపోతాయి.

1997లో షెవర్లే కార్వెట్‌లోని ఎల్‌ఎస్1 ఇంజిన్ ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది కాయిల్స్ ఇచ్చింది. 6000 దగ్గర కూడా ఒక్కోదానికి వంతు 20 మిల్లీసెకన్లకు ఒకసారే. పైగా స్విచ్ పని చేసే ఇగ్నైటర్ కాయిల్ లోపలే ఉంది, కంప్యూటర్ చిన్న ఇషారా చేస్తే చాలు. ఇగ్నైటర్ లేని రకం కాయిల్‌ని నేరుగా అదే తీగకు కలిపారో, కంప్యూటర్‌కే ఖత్రా. ఇషారా తలకిందులుగా సెట్ చేసినా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కాయిల్ నిండుతూనే ఉండి వేడెక్కి చస్తుంది.

పద్మినీకి నా సలహా ఇగ్నైటర్ ఉన్న జంట కాయిల్స్: 1, 4 సిలిండర్లకు ఒకటి, 2, 3కి ఒకటి. క్రాంక్ సెన్సార్ ఉంటే సరిపోతుంది. పాత రాగి ప్లగ్ వైర్లు తీసేసి రెసిస్టర్ వైర్లు వేయండి, వాటి శోర్ కంప్యూటర్ బుర్ర తినేస్తుంది.

ఇక “ఉస్తాద్‌కి ఇవన్నీ ఏం తెలుసు” అనే మాట నాకు గిట్టదు. ఫీలర్ గేజ్‌తో పాయింట్ గ్యాప్ పెట్టినప్పుడల్లా ఆయన చేసింది ఈ వక్త్ హిసాబే; గ్యాప్ పెరిగితే కాయిల్ నిండే వ్యవధి తగ్గుతుంది. కాయిల్ కొనేముందు ఆయన పక్కన ఒక పూట కూర్చోండి. డెల్కోని కబాడీకి వేయకండి. రేపు సిలిండర్‌కో కాయిల్ పెట్టాలనుకుంటే, పాయింట్లు తీసి అందులోనే సెన్సార్ బిగించవచ్చు, ఏ సిలిండర్ బారీ వచ్చిందో కంప్యూటర్‌కి అదే చెబుతుంది.