గాలికి పట్టాదారు ఎవరు?

మన సంఘం ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర ఏదైనా వ్రాయమన్నారు. మెదక్ కోట గురించి, చర్చి గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. తూప్రాన్‌లో కూర్చున్న ఈ పాత గుమాస్తాకు తెలిసినవి లైసెన్సులు, రసీదులు, పహాణీలు. కనుక కంటికి కనబడని ఒక ఆస్తి గురించి వ్రాస్తాను. అది గాలిలో పోయే రేడియో తరంగం.

ఇంట్లో రేడియో వినడానికి లైసెన్సు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఏటా పోస్టాఫీసులో ఫీజు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకొనేవాళ్ళం. 1980ల మధ్యకు ఆ బెడద పోయింది. అయితే అది వినేవాడి లైసెన్సు. మాట్లాడే లైసెన్సు సర్కారు దగ్గరే ఉండేది.

మన జిల్లా పల్లెలకు టీవీ వచ్చింది కూడా గాలిలోనే. 'సైట్' అని పిలిచిన ఉపగ్రహ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా వారు ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి వాడుకోనిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. మన రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాల్లో మెదక్ ఒకటి. సెట్లు హైదరాబాదు ఇసిఐఎల్‌లో తయారయ్యాయి. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు 860 మెగాహెర్ట్జ్ తరంగాన్ని నేరుగా ఆకాశం నుంచి పట్టేది. ఒకే బొమ్మకు రెండు భాషల మాట జోడించే వీలుండేది. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ.

డ్యూటీ మీద వెళ్ళిన ఒక ఊళ్ళో నేనూ చూశాను. బడి అరుగు మీద పెట్టె, ముందు చాపల మీద పిల్లలు, వెనుక గొంగళ్ళు కప్పుకొని పెద్దవాళ్ళు. ఎరువుల సంగతి చెబుతుంటే ఒక రైతు లేచి పెట్టెతోనే వాదం పెట్టుకున్నాడు. "మా చెల్క సంగతి నీకేమెరుక?" అన్నాడు. అందరూ నవ్వారు. పెట్టెకు అతని మాట వినబడే ఏర్పాటు లేదు కదా!

1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహాన్ని వెనక్కు తీసుకుపోయారు. ఆ తరువాత 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

ఇప్పుడు అమెరికా సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ 1963లోనే 2,500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలను విద్యాసంస్థలకు కేటాయించి, లైసెన్సును వాటి పేరనే ఇచ్చారు. 1983లో అందులో కొన్ని ఛానళ్ళను వ్యాపారానికి మార్చారు. మిగిలిన వాటిలో బడికి అక్కరలేని సమయాన్ని బడివారే అద్దెకు ఇచ్చుకోవచ్చన్నారు. అలా వచ్చింది 'వైర్‌లెస్ కేబుల్'. ఎత్తయిన టవరు నుంచి పంపితే, చందా కట్టినవారి ఇంటికప్పు మీది ఏంటెన్నా పట్టుకొనేది. తీగ అక్కరలేదు. కంపెనీ కిరాయి కట్టేది, లైసెన్సు బడి పేరనే ఉండేది. మన బడికి పెట్టె ఇచ్చారు, వాళ్ళ బడికి పట్టా ఇచ్చారు. పహాణీలో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు అని మన రెవెన్యూ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ 2.5 గిగాహెర్ట్జ్ తరంగాన్నే మన ఇన్శాట్ ఉపగ్రహాలు 1983 నుంచి పల్లె టీవీలకు వాడాయి. అదే బ్యాండులో 70 మెగాహెర్ట్జ్ వాడకానికి 2005 జనవరిలో ఆంట్రిక్స్, దేవాస్ ఒప్పందం చేసుకోగా, 2011లో అది రద్దయి దేశవిదేశాల కోర్టులకెక్కింది. పల్లె బడి అరుగు కోసం వాడిన తరంగం విలువ అప్పటికి అంత పెరిగింది.

మన ఊళ్ళలో కేబుల్ వాళ్ళు మాత్రం స్తంభం నుంచి స్తంభానికి, చెట్టు నుంచి మేడకు తీగ లాగారు. 1995 చట్టం కింద అప్పట్లో హెడ్ పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి రిజిస్టరు చేసుకుంటే చాలు. తీగకు తరంగం లైసెన్సు అక్కరలేదు గనుక, తీగ లేని కేబుల్ ఊసు మన వీధుల్లోకి రాలేదని నా అభిప్రాయం.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. క్రికెట్ ప్రసారం మీద వచ్చిన వ్యాజ్యం అది. తీర్పు వ్రాసినవారిలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు ఒకరు. ఆస్తి ప్రజలదే గాని, స్వచ్ఛంద సంస్థలకు సముదాయ రేడియో అనుమతి రావడానికి 2006 నవంబరు దాకా పట్టింది.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలకు 1998లోనే స్టూడియో ఉంది, లైసెన్సు లేదు. పదేళ్ళు టేపుల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. వాళ్ళ వెనుక నిలిచిన పి.వి. సతీష్ గారు ఒకప్పుడు దూరదర్శన్‌లో పనిచేసి, సైట్ ప్రయోగంలోనూ పాలుపంచుకున్నవారు. 2023లో కాలం చేశారు. జొన్నలు, విత్తనాలు, మందులు, పాటలు, అన్నీ అక్కడి ఆడవాళ్ళే, అక్కడి మాటలోనే చెప్పారు.

2016లో జిల్లా విడిపోయాక మాచ్‌నూర్ సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. చిన్న ట్రాన్స్‌మీటరు కనుక దాని మాట ఎక్కువ దూరం పోదు. తూప్రాన్‌లో ఎంత తిప్పినా దొరకదు.