పాత మోటారు సైకిళ్ళలో ఎలక్ట్రానిక్ జ్వలన వ్యవస్థ

'''ఎలక్ట్రానిక్ జ్వలన వ్యవస్థ''' అనగా పాత మోటారు సైకిళ్ళలోని ప్లాటినం పాయింట్లకు బదులుగా అమర్చే, రాపిడి లేని జ్వలన పరికరము. సిలిండరులోని పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మండించే నిప్పురవ్వను సరియైన క్షణంలో పుట్టించడం దీని పని. దీనిని ఎంచుకొనే ముందు బండిలోని విద్యుత్ సరఫరాను పరిశీలించడం ముఖ్యము.

== నేపథ్యము ==
చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న బైరెడ్డిపల్లె, కుప్పం ప్రాంతానికి తూర్పున మద్రాసు, పడమట మైసూరు ఉన్నాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ (స్థాపన 1955) బుల్లెట్ బళ్ళను తయారు చేసింది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961 నుండి 1996 వరకు జావా, యెజ్డీ బళ్ళు తయారయ్యాయి. వీటిలో అధిక భాగం పాయింట్లతో నడిచేవే.

== పాయింట్ల పద్ధతి ==
క్యామ్ తిరిగినప్పుడు పాయింట్లు విడిపోయి, కాయిల్‌లో ప్రవాహం ఆగిపోతుంది. అప్పుడు పుట్టే అధిక వోల్టేజి వలన ప్లగ్ వద్ద నిప్పురవ్వ వస్తుంది. కాలక్రమేణా పాయింట్లు కాలి గుంటలు పడతాయి, ఫైబరు మడమ అరుగుతుంది. ఖాళీ మారితే జ్వలన సమయం కూడా మారుతుంది. బుల్లెట్‌కు ఈ ఖాళీ 0.35 - 0.40 మి.మీ. ఉండవలెను.

== రకములు ==
* '''ట్రాన్సిస్టరు పద్ధతి (టి.సి.ఐ.)''': పాయింట్లు చేసే పనిని ట్రాన్సిస్టరు చేస్తుంది. బ్యాటరీ గల బళ్ళకు అనుకూలము.
* '''కెపాసిటరు పద్ధతి (సి.డి.ఐ.)''': కెపాసిటరులో కొన్ని వందల వోల్టుల వద్ద నిలువచేసిన విద్యుత్తును ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతుంది. మాగ్నెటోతో, బ్యాటరీ లేకుండా పనిచేసే రకాలు కూడా ఉన్నాయి.

== ఎంపికలో చూడవలసినవి ==
# బండి 6 వోల్టులదా, 12 వోల్టులదా? 12 వోల్టులకు మార్చదలచినచో బ్యాటరీ, బల్బులు, హారను, ఛార్జింగు ఏర్పాటు అన్నీ మార్చవలెను.
# ఏ ధ్రువము ఛాసిస్‌కు కలిపి ఉన్నది? పాత బ్రిటిష్ బళ్ళలో ధన ధ్రువము కలపడం పరిపాటి. తారుమారైతే పరికరము కాలిపోతుంది.
# కాయిల్ నిరోధము పరికరానికి సరిపోవలెను. తక్కువైతే ప్రవాహం పెరిగి ట్రాన్సిస్టరు వేడెక్కుతుంది.
# వేగాన్ని బట్టి జ్వలనను ముందుకు జరిపే ఏర్పాటు పరికరములోనే ఉంటే, పాత యాంత్రిక ఏర్పాటును పని చేయకుండా బిగించవలెను.

అమర్చిన పిదప స్ట్రోబ్ దీపంతో జ్వలన సమయాన్ని సరిచూడవలెను.

== లాభనష్టములు ==
అరుగుదల ఉండదు, సమయం స్థిరంగా ఉంటుంది, ఇంజను సులభంగా స్టార్టు అవుతుంది. కానీ పాయింట్లు చెడితే ముందుగా హెచ్చరిస్తాయి. ఆకురాయి, ఫీలర్ గేజి ఉంటే దారిలోనే సరిచేయవచ్చు. ఎలక్ట్రానిక్ పరికరము చెడితే బండి ఒక్కసారిగా ఆగుతుంది, విడిభాగము పల్లెలో దొరకదు. కావున తీసివేసిన పాయింట్ల పళ్ళెమును, కండెన్సరును బండిలోనే ఉంచుకోవడం మేలు. బ్యాటరీ బలహీనంగా ఉన్న బండికి ముందుగా ఛార్జింగును బాగుచేయించవలెను. చాలాసార్లు అసలు లోపము అక్కడే ఉంటుంది.

== వింటేజ్ నమోదు ==
కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, తొలి నమోదు నుండి 50 ఏళ్ళు దాటిన వాహనము వింటేజ్ నమోదుకు అర్హము. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండరాదు. ఇందువలన కూడా దేనినీ కోయకుండా, రంధ్రాలు చేయకుండా బిగించగల పరికరమును ఎంచుకొని, అసలు భాగాలను భద్రపరచడం మంచిది.

== ఇవి కూడా చూడండి ==
* మోటారు సైకిలు
* స్పార్క్ ప్లగ్
* అంతర్దహన యంత్రము